పిట్టకి పద్యం కాదు, కన్నం కావాలి

స్విఫ్ట్ అంటే మనలో చాలామందికి మారుతి కారు. పాటలు వినేవాళ్లకి టేలర్ స్విఫ్ట్. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఐఫోన్ ఆప్‌లు రాసే భాష. ఇంటికి డబ్బు పంపేవాళ్లకి బ్యాంకు ఫారంలో నింపాల్సిన ఒక గడి. ఆ భాష లోగోలో రెక్కలు చాపిన పిట్టని రోజూ చూసేవాళ్లకి కూడా, మే నుంచి జూలై దాకా అది మా ఆఫీసు కిటికీ అవతలే ఎగురుతుంటుందని తెలీదు. తెలుగులో మనం ఇలాంటి ప్రతి పిట్టనీ వానకోయిల అనేస్తాం, స్వాలోని కూడా. చూపుకి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ చుట్టరికం లేదు. స్విఫ్ట్‌కి దగ్గరి బంధువు హమ్మింగ్‌బర్డ్. అందుకే ఈ వ్యాసంలో దాన్ని స్విఫ్ట్ అనే పిలుస్తాను.

పక్షుల్ని ప్రేమించండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. ప్రేమ కావలసినంత ఉంది. నేనుంటున్న బ్రిటన్‌లో స్విఫ్ట్ అంటే పడని మనిషినీ, పార్టీనీ, పత్రికనీ ఇంతవరకు చూడలేదు. ఇంత ప్రేమ మధ్యలోనే 1995 నుంచి 2018 లోపు ఇక్కడ ఆ పిట్ట సగానికి పైగా తగ్గిపోయింది. 2021 డిసెంబరులో రెడ్ లిస్టులోకి ఎక్కింది. కాబట్టి నా గొడవ ఈ ప్రేమతోనే. ప్రేమ చెయ్యలేని పని ఒకటుంది, అది రూలే చెయ్యాలి. ఆ రూలు కోసం కొట్లాడాల్సిన చోట మనం ముచ్చటపడి, చప్పట్లు కొట్టి, ఇంటికి పోతున్నాం.

ముందు పిట్ట సంగతి చెప్తాను. బరువు 40 గ్రాములు, కోడిగుడ్డు కంటే తక్కువ. చలికాలం ఆఫ్రికాలో గడిపి ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో ఇక్కడికి వస్తుంది. 2016లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్లు చిన్న పరికరాలు కట్టి గమనిస్తే, కొన్ని స్విఫ్ట్‌లు గూడు వదిలాక పది నెలల పాటు ఎక్కడా వాలలేదని తేలింది. తిండి, నీళ్లు, నిద్ర, అన్నీ గాల్లోనే. దాని శాస్త్రీయ నామం ఏపస్, అంటే గ్రీకులో కాళ్లు లేనిదని. కాళ్లు లేక కాదు, ఉన్నవి గోడని పట్టుకుని వేలాడ్డానికి మాత్రమే పనికొస్తాయి. కొమ్మ మీద వాలదు, తీగ మీద కూచోదు. వాలేది ఒక్కందుకే, గుడ్లు పెట్టి పిల్లల్ని చెయ్యడానికి. దానికి కావలసింది చూరు కింద సందో, పెంకు కింద ఖాళీయో, గోడలో ఇటుక ఊడిన కన్నమో. జంట ఒకసారి ఒక కన్నం కుదుర్చుకుంటే ఏటేటా అక్కడికే వస్తుంది. మూడు నెలలుండి, పిల్లలు ఎగరగానే వెళ్లిపోతుంది.

భూమి మీద ఈ పిట్ట అడిగే చోటు మొత్తం కలిపితే ఒక చెప్పుల పెట్టెంత ఉంటుంది. అదీ ఏడాదికి మూడు నెలలకే.

అసలు చిక్కు మిగతా తొమ్మిది నెలల్లో ఉంది. ఇక్కడ 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం, వాడుకలో ఉన్న పక్షిగూడుని కావాలని పాడుచెయ్యడం నేరం. జూన్‌లో స్విఫ్ట్ గూడు పీకితే కేసు పెట్టొచ్చు. నవంబరులో అదే గూడుకి దారైన కన్నాన్ని సిమెంటుతో మూస్తే ఎవరూ ఏమీ అనలేరు. లోపల పిట్ట లేదు కదా! వాడుకలో లేని గూడు చట్టం దృష్టిలో చెత్త కింద లెక్క. తిరిగొస్తుందని అందరికీ తెలిసిన జీవికి, తిరిగి రావడానికి హక్కు లేదన్నమాట. వీసా మీద బతికేవాళ్లకి ఇందులో తర్కం వెంటనే అర్థమవుతుంది.

మా వీధి కథ చెప్తాను. నేను ఇంగ్లండ్‌లో ఒక మామూలు ఊళ్లో, నూరేళ్లు దాటిన ఇటుక ఇళ్ల వరసలో అద్దెకుంటున్నాను. పాత ఇళ్లు కాబట్టి చూరుల నిండా సందులే. మా వీధిలో స్విఫ్ట్‌ల గుంపు ఒకటుంది. గుంపంటే పిట్టల గుంపు కాదు, మనుషులది. రిటైరైన నర్సు ఒకావిడ నడుపుతారు. ఒక బస్సు డ్రైవరు, ఇద్దరు టీచర్లు, పదకొండేళ్ల పిల్ల ఒకతి, నేను. జూన్ సాయంత్రాల్లో పేవ్‌మెంట్ మీద మడత కుర్చీలేసుకుని తొమ్మిదిన్నర దాకా చూరుల కేసి చూస్తూ కూచుంటాం. స్విఫ్ట్ కన్నంలోకి దూరడం ఒక్క క్షణం పని, రెప్ప వేస్తే పోయింది. ఇంటి నంబరు, చూరులో ఎడమో కుడో, టైము రాసుకుంటాం. వాటిని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం నా పని.

రెండేళ్లు అలా లెక్కపెడితే ఒకే వరసలో పదకొండు కన్నాలు తేలాయి. ఆ వరస ఒక పెద్ద అద్దె ఇళ్ల సంస్థది. పైకప్పులు మార్చబోతున్నారని తెలిసి మా పటం, ఫొటోలు, జాబితా అన్నీ వాళ్లకి పంపాం. జీవవైవిధ్యానికి తాము కట్టుబడి ఉన్నామంటూ మర్యాదగా జవాబొచ్చింది. నవంబరులో స్కాఫోల్డింగ్ లేచింది. చట్టం చెప్పినట్టే, పిట్టలు లేని టైము చూసుకునే పని చేశారు. పాత చెక్కలు తీసేసి తెల్లటి ప్లాస్టిక్ పలకలు బిగించారు. చూడ్డానికి శుభ్రంగా ఉంది, సందు అన్నది లేదు.

మే మొదటి వారంలో పిట్టలొచ్చాయి. వచ్చి, తిన్నగా తమ కన్నం ఉండాల్సిన చోటుకి దూసుకెళ్లి ప్లాస్టిక్‌కి కొట్టుకున్నాయి. మళ్లీ ఒక చుట్టు తిరిగి, మళ్లీ కొట్టుకున్నాయి. అలా వారం పైనే. మా నర్సుగారు ముప్ఫై ఏళ్లు క్యాజువాలిటీలో పనిచేసిన మనిషి. ఆ చప్పుడు వినలేక లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

తర్వాత అందరం మంచివాళ్లమైపోయాం. సంస్థ విచారం తెలిపి, కావాలంటే పెట్టెలు తగిలించుకోమంది. ఖర్చు మాత్రం మమ్మల్నే పెట్టుకోమంది. కేకులమ్మి డబ్బు పోగేశాం, నా మిరపకాయ బజ్జీలు కూడా బాగానే పోయాయి. ఆరు చెక్కపెట్టెలు కొని తగిలించాం. కొత్త చోటు కనిపెట్టి నమ్మడానికి స్విఫ్ట్‌లకి ఏళ్లు పడుతుంది కాబట్టి, స్పీకరు పెట్టి వాటి అరుపులు వాటికే వినిపించాం. మొదటి ఏడాది ఒక్కటీ రాలేదు. రెండో ఏడాది ఒక జంట వచ్చింది. ఊళ్లో మా గురించి మంచిగా మాట్లాడుకున్నారు, ప్రశంసాపత్రం ఇచ్చారు. పదకొండు కన్నాలు పోయి ఒకటి మిగిలిన వ్యవహారానికి ప్రశంసాపత్రం!

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. స్వచ్ఛంద సేవ అన్న మాట ఎంత చల్లగా ఉంటుందో చూడండి. మంచి పొరుగువాళ్లు, మడత కుర్చీలు, బజ్జీలు. దీన్ని మెచ్చుకుంటే ఎవరి జేబులోంచీ ఒక్క పైసా కదలదు. పైకప్పు మార్చే సంస్థ తన కాంట్రాక్టులో ఒక్క వాక్యం చేర్చాల్సిన పనిని ఆరుగురు మనుషులు రెండేళ్ల సాయంత్రాలు, ఒక నిచ్చెన, కొంత కన్నీరు పెట్టి చేశారు, అదీ పదకొండో వంతు మాత్రమే. పైగా ఈ సేవకి కూడా సొంత ఇల్లుండాలి. నాలా అద్దెకున్నవాడికి బయటి గోడ మీద ఒక మేకు కొట్టే హక్కు లేదు. మా వీధిలో వాళ్లు ఓపికమంతులు కాబట్టి ఒక కన్నమైనా మిగిలింది. పక్క వీధిలో చూసేవాళ్లు లేరు, అక్కడ ఎన్ని మూసుకుపోయాయో లెక్కే లేదు. మంచివాళ్లున్న వీధిలోనే బతకగలిగే పిట్ట ఎక్కువ కాలం బతకదు.

దీనికి మందు ఎవరూ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. స్విఫ్ట్ ఇటుక అని ఒకటుంది. ఇటుక వరసలో ఇమిడిపోయే బోలు దిమ్మె, ముందు ఒక చిన్న ద్వారం. గోడ కట్టేటప్పుడే పెట్టేస్తారు. వెనక మూసి ఉంటుంది కాబట్టి ఇంట్లోకి గాలి రాదు, మురికి రాదు. ఒకసారి పెడితే గోడ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. స్విఫ్ట్‌లు రాకపోతే పిచ్చుకలు వస్తాయి, అవీ ఇక్కడ రెడ్ లిస్టులోనే ఉన్నాయి. ధర సుమారు 35 పౌండ్లు. మూడు లక్షల పౌండ్ల ఇంట్లో ఇది ఎంతో మన లెక్కలో చెప్పాలంటే, 30 లక్షల ఫ్లాటుకి 350 రూపాయలు.

ఈ ఇటుకని ప్రతి కొత్త ఇంటికీ తప్పనిసరి చెయ్యమని హన్నా బోర్న్ టేలర్ అనే రచయిత్రి 2022 నవంబరులో ఒంటినిండా ఈకల బొమ్మలు వేయించుకుని, దాదాపు బట్టల్లేకుండా లండన్ హైడ్ పార్కులో నిలబడి మాట్లాడారు. పిటిషన్‌కి లక్షకు పైగా సంతకాలొచ్చాయి. 2023 జూలై 10న పార్లమెంటులో దాని మీద చర్చ జరిగింది. అన్ని వైపుల సభ్యులూ లేచి తమ ఊరి స్విఫ్ట్‌ల గురించి ముచ్చటగా చెప్పుకున్నారు. చివరికి ప్రభుత్వం మాత్రం, ఇది స్థానిక కౌన్సిళ్ల ఇష్టమంది. తర్వాత ప్రభుత్వం మారింది. 2025లో ప్లానింగ్ బిల్లుకి సవరణగా ఈ షరతు పెట్టమంటే కొత్త ప్రభుత్వమూ చట్టంలో పెట్టడానికి ఒప్పుకోలేదు, విధాన పత్రాల్లో చూసుకుంటామంది. అదే ప్రభుత్వం 15 లక్షల ఇళ్లు కట్టిస్తానని మాటిచ్చింది. 35 పౌండ్ల ఇటుక మీద ఇంత ప్రేమ, ఇంత భయం ఒకేసారి ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు.

రూలు పెట్టడం అసాధ్యమేమీ కాదు. బ్రైటన్ కౌన్సిల్ 2020 నుంచి ఐదు మీటర్లు మించిన కొత్త భవనాలకి స్విఫ్ట్ ఇటుకల షరతు పెడుతోంది. అక్కడ ఇళ్లు కట్టడం ఆగిపోలేదు.

ఈ మాట ఎత్తగానే నాకు ఎదురయ్యే వాదనలు మూడు. మొదటిది, మనుషులకే ఇళ్లు లేవు, పిట్టలకెందుకు అని. వినడానికి పేదల పక్షం మాట్లాడినట్టుంటుంది. 35 పౌండ్లు మిగిల్చి ఏ బిల్డరు ఏ పేదవాడికి ఇల్లు కట్టించాడో ఎవరైనా చూపిస్తే నేను నోరు మూసుకుంటాను. ఈ దేశంలో ఇళ్లు లేకపోవడానికి భూమి ధర, అద్దెలు, నలభై ఏళ్ల రాజకీయం కారణాలు. ఆ పాపాన్ని 40 గ్రాముల పిట్ట నెత్తిన రుద్దడం మహా చవక తెలివి.

రెండోది కొంచెం గట్టి వాదన. పురుగులే తగ్గిపోతుంటే కన్నం పెట్టి ఏం లాభం? నిజమే, మందులు కొట్టి, పచ్చిక తవ్వి, గాల్లో తిండి కూడా తగ్గించాం. పిల్లలకి ఒక్క ముద్ద పెట్టాలంటే తల్లిపిట్ట గొంతులో వందల పురుగుల్ని పోగుచేసుకు రావాలి. కన్నంతో అన్నీ తీరవు. కానీ ఇందులో పురుగుల సమస్య పదేళ్ల యుద్ధం, కన్నం సమస్య మేస్త్రీకి పది నిమిషాల పని. పెద్ద పని మిగిలిందని చిన్న పని మానేసేవాడు పెద్ద పనీ చెయ్యడు. 1948 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం టవర్లో స్విఫ్ట్‌ల గూళ్లని ఏటా లెక్కపెడుతున్నారు. ఆ అధ్యయనం మొదలుపెట్టిన డేవిడ్ లాక్ పోయారు, ప్రభుత్వాలు ఎన్నో మారాయి. కన్నాలు తెరిచే ఉన్నాయి, పిట్టలు వస్తూనే ఉన్నాయి.

మూడోది, రూలు దేనికి, బిల్డర్లే స్వచ్ఛందంగా పెడుతున్నారు కదా అని. 2024 చివర్లో షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు బయటపెట్టిన నివేదిక చదవండి. ఇంగ్లండ్‌లో 42 కొత్త హౌసింగ్ సైట్లకి వెళ్లి, అనుమతి తీసుకునేటప్పుడు పెడతామని ఒప్పుకున్నవన్నీ ఉన్నాయా అని స్వయంగా చూశారు. పక్షులకీ గబ్బిలాలకీ పెట్టాల్సిన పెట్టెల్లో 75 శాతం అసలు లేవు. స్వచ్ఛందంగా చెప్పినవి కూడా కావు, కాగితం మీద సంతకం పెట్టినవి. వెళ్లి చూసేవాడు లేడు కాబట్టి పెట్టలేదు, అంతే.

ఈ సంగతి మనకి కొత్తా? హైదరాబాదులో ఇంకుడు గుంత లేకుండా ఇల్లు కట్టకూడదని రూలుంది. ఎన్ని గుంతల్లో నీళ్లు ఇంకుతున్నాయి, ఎన్ని పార్కింగ్ టైల్స్ కింద ఉన్నాయి? కాబట్టి రూలొకటే చాలదు, రూలుకి కళ్లు కావాలి. మా వీధి గుంపుకి అసలైన పని అక్కడుంది. కేకులమ్మి పెట్టెలు కొనడం మా పని కాకూడదు. చూరుల పటం చేతిలో పెట్టుకుని, సంతకం పెట్టిన ఇటుక ఏదని అడగడం మా పని కావాలి. మా నర్సుగారు దాతలాగా బతిమాలడం మానేసి ఇన్‌స్పెక్టరులాగా నిలబడితే చూడాలని నా కోరిక. మనిషి అందుకు ఎప్పుడో సిద్ధంగా ఉన్నారు.

ఇక్కడి తెలుగువాళ్లకి ఒక మాట. ఈ కొత్త ఎస్టేట్లలో ఇళ్లు కొనేవాళ్లలో మనం తక్కువేం లేం. మొన్న మా తమ్ముడిలాంటి కుర్రాడొకడు ఫోన్ చేసి, "అన్నా, ఈస్ట్ ఫేసింగ్ ప్లాటు దొరికింది, ఎనిమిది వేలు ఎక్కువైనా తీసేసుకున్నా" అన్నాడు. "బిల్డర్ని స్విఫ్ట్ ఇటుక అడిగావా?" అన్నాను. "అదేంటన్నా, కారు షెడ్డా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. కానీ ఫ్లోరింగ్ రంగు కోసం నాలుగు ఈమెయిళ్లు రాసేవాళ్లం అయిదోది రాయగలం. పైగా ఈ పిట్టకీ వాస్తు ఉంది. దక్షిణపు గోడ వేడికి పిల్లలు మాడిపోతాయి, ఉత్తరం శ్రేష్ఠం, చూరు నీడ పడితే తూర్పైనా ఫరవాలేదు. నేలకి అయిదు మీటర్ల ఎత్తుండాలి, ముందు అడ్డం ఉండకూడదు. మనకి ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే కోరిక ఇంకోటి లేదు. కొనేవాడు అడిగితే బిల్డరు వింటాడు. వందమంది అడిగితే అదే ఆనవాయితీ అవుతుంది.

ఆనవాయితీ అన్నాను కాబట్టి, రాసేవాళ్లతో కూడా నాకు కొంచెం పేచీ ఉంది. ఏటా మార్చి 20న పిచ్చుకల దినం. ఆ రోజు ఫేస్‌బుక్ తెరిస్తే తెలుగు కవిత్వం కిచకిచలాడిపోతుంది. పిచ్చుక అంటే బాల్యం, అమ్మమ్మ ఇల్లు, పోయిన పల్లె. ఒక్క కవితలో కూడా పిచ్చుకకి పిచ్చుకగా ఏం కావాలో ఉండదు. మన పాత ఇళ్ల వసారాల్లో వరికంకుల కుచ్చు వేలాడదీసేవారు. కోత అయ్యాక, గుళ్లలో కూడా. ఆ కుచ్చు కట్టినాయన పిచ్చుక మీద పద్యం రాయలేదు, కళ్లు చెమర్చుకోలేదు. పంట ఇంటికొస్తే కుచ్చు కట్టాలి, అంతే. ఆయన మనసు బాగున్నా బాగాలేకపోయినా చూరుకి కుచ్చు వేలాడేది. నేను అడుగుతున్న రూలు అలాంటిదే. ఎవరి మంచితనం మీదా ఆధారపడని మంచి పని. మనం కుచ్చు పోగొట్టుకుని, దాని బదులు కవిత పెట్టుకున్నాం. పిచ్చుక తినేది కుచ్చునే.

మన ఊళ్లలోనూ స్విఫ్ట్‌లున్నాయి. హైదరాబాదు పాత కట్టడాల కమానుల కింద, వంతెనల అడుగున, గడ్డీ ఈకలూ ఉమ్మితో అతికించి గుంపుగా గూళ్లు కడతాయి. నడుం దగ్గర తెల్లటి మచ్చ ఉంటుంది. అవి ఎక్కడికీ పోవు, ఏడాదంతా మనతోనే. ఇంకో రకం తాటిమట్టల అడుగున ఆకుకే గూడు అంటించి బతుకుతుంది. తాడి కొట్టేస్తే దాని ఇల్లూ పోయినట్టే. 1972 నాటి మన వన్యప్రాణి చట్టం వేటకి ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లు పాడుచెయ్యడం, గూళ్లని కదిలించడం కూడా ఉన్నాయి. వంతెనకి రంగులేసే కాంట్రాక్టరుకి ఈ సంగతి ఎవరు చెప్తారు? పాత కట్టడానికి సున్నం కొట్టేముందు పైకి చూడమని ఏ టెండరులో రాసి ఉంది? ఇక్కడ రోడ్డు మీద కుర్చీలేసుకున్న ఆరుగురు చెయ్యగలిగింది, అక్కడ వాకింగ్‌కెళ్లే ఆరుగురు చెయ్యగలరు. సాయంత్రం తల పైకెత్తడం, ఎక్కడ దూరుతున్నాయో రాసుకోవడం, పని మొదలవ్వకముందే ఆ కాగితం ఇంజనీరు బల్ల మీద పెట్టి రసీదు తీసుకోవడం. రసీదు ముఖ్యం.

నా డిమాండ్లు చిన్నవి. కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ ఒక బోలు ఇటుక, చట్టంలో. పాత కప్పు మార్చేటప్పుడు తెలిసిన కన్నం ఉంటే దాన్ని వదిలెయ్యడమో, పక్కనే ఇంకోటి ఇవ్వడమో, కాంట్రాక్టులో. అన్నీ అయ్యాక వచ్చి చూసే మనిషి ఒకరు, జీతం మీద. ఇవి వచ్చేదాకా మా వీధిని ఎవరూ పొగడొద్దు. ఈ వ్యాసం బాగుందని కూడా ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. మీ బిల్డరుకో, మీ కౌన్సిలరుకో, మీ కార్పొరేటరుకో ఒక ఈమెయిల్ రాసి, జవాబు రాకపోతే వారం తిరక్కుండా ఇంకోటి రాయండి.